కుండలు పగలగొట్టే ముందు

నా సర్వీసు మొత్తంలో నాకు ముట్టిన మెమో ఒక్కటే. మెప్పు కాగితాలు ఏ పెట్టెలో పడి ఉన్నాయో తెలియదు గానీ, ఆ మెమో మాత్రం ఇప్పటికీ నా బల్ల సొరుగులో పైనే ఉంటుంది. "గ్రామ ప్రజలకు జరుగుచున్న నీటి సరఫరాను పై అధికారి అనుమతి లేక ఒక దినము నిలిపివేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను" అని అందులో ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు ఎవరైనా మా ఇంటికి వస్తే ముందు కాఫీ ఇస్తాను, తరువాత అది చూపిస్తాను. "ఒక్క రోజుకేనా సార్?" అంటారు వాళ్ళు. అవును, ఒక్క రోజుకే. ఆ ఒక్క రోజు సంగతి చెప్పాలంటే ఒక చైనా మాట దగ్గర మొదలుపెట్టాలి. అనంతపురం జిల్లాలో తవ్వుతున్న బావిలోకి చైనా మాట ఎలా దిగిందని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా వినండి. చివరిదాకా వినకపోవడం వల్లే నాకు ఆ మెమో వచ్చింది.

ఆంధ్రరాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. వానలు వరుసగా మొహం చాటేశాయి. నాకు ఇరవై ఆరేళ్ళు, ఓవర్సీరు ఉద్యోగం. కరువు పనుల కింద తాగునీటి బావులు తవ్వించడం నా పని. కంబదూరు నుంచి కళ్యాణదుర్గం వైపు పోతుంటే లోపలికి ఒక నలభై ఇళ్ళ ఊరుంది. పేరు చెప్పను. ఆ ఊరివాళ్ళకు ఇప్పుడు నా మీద కోపం లేదు, కొత్తగా ఎందుకు తెప్పించాలి?

ఊళ్ళో ఉన్న బావులన్నీ ఎండిపోయాయి. నాలుగు మైళ్ళ అవతల వంక ఇసుకలో చెలమలు తీస్తే ఊరేవే నీళ్ళు. సర్కారు తరఫున రెండు ఎద్దులబండ్లు అక్కడికి పోయి, పీపాలు నింపుకుని వచ్చి గంజి కేంద్రం ముందు పోసేవి. ఇంటికి రెండేసి కుండలు. ఆ రెండు కుండలతోనే తాగడం, వండడం, ఉంటే గొర్రెపిల్లకు ఇంత పోయడం. సగం ఇళ్ళకు అప్పటికే తలుపులు బిగించేశారు. ఆ ఇళ్ళవాళ్ళు బళ్ళారి వైపు పనులకు పోయారు. మిగిలినవాళ్ళు మా బావిని చూసి ఆగారు. బావిలో నీళ్ళు పడితే ఊరు ఉంటుంది, పడకపోతే ఊరు లేస్తుంది. ఇది అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనేవారు కాదు.

బావికి చోటు చూపించింది నేనే. మా ఇంజనీరుగారు ఇంకో చోటు చెప్పారు. నేను వాదించి, వంక పాత దారిని కాలితో గీసి చూపించి, నా మాటే నెగ్గించుకున్నాను. ఆ గర్వం నాకు బాగా ఉండేది. ఆరు మట్ల దాకా, అంటే ఆరుగురు మనుషుల నిలువులోతు దాకా, గరుసు నేల మెత్తగానే దిగింది. ఆ తరువాత బండ తగిలింది. ఇక గడ్డపార పనిచేయదు. బండకు రంధ్రాలు కొట్టాలి, మందు కూరాలి, పేల్చాలి, పగిలిన రాళ్ళను మోకుకు కట్టిన బొక్కెనలో పైకి లాగాలి. పైన గిలక, గిలక మీద మోకు, మోకు లాగడానికి ఒకే ఒక్క జత ఎద్దులు. అవీ బక్కచిక్కిన ఎద్దులు. పేల్చడం ఒక్క పూట పని. పగిలిన రాళ్ళు తోడడానికి రెండు రోజులు పట్టేది.

రంధ్రం కొట్టడం గురించి ఒక్క మాట చెప్పాలి, తరువాత అవసరం పడుతుంది. ఒకడు ఉలి పట్టుకుని తిప్పుతుంటే ఇంకొకడు సమ్మెట వేస్తాడు. ఆ రంధ్రంలో కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తూ ఉండాలి. పోస్తే రాతిపొడి బురదై పైకి వస్తుంది. పోయకపోతే పొడి లోపలే గట్టిపడి ఉలిని పట్టేస్తుంది, ఇక ఎంత కొట్టినా అంగుళం దిగదు. మందు కూరాక పైన తడిమట్టి దట్టించడానికి కూడా నీళ్ళు కావాలి. నీళ్ళ కోసం తవ్వే బావి రోజూ కొన్ని నీళ్ళు తాగేది.

ఈ పని చూసేవాడు మందు మేస్త్రీ. ముదిగుబ్బ వైపు క్రైస్తవ కుటుంబం ఆయనది. యుద్ధకాలంలో పట్టాళంలో చేరి బర్మా కొండల్లో రోడ్ల కోసం రాళ్ళు పేల్చి వచ్చాడు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. నలభై దాటిన మనిషి, నాకంటే పని నాలుగింతలు తెలిసినవాడు, అయినా నన్ను "సార్" అనేవాడు. ఆ "సార్"లో గౌరవం ఎంత, ఎగతాళి ఎంత అన్నది నాకు ఎన్నడూ తేలలేదు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఆయన మాట తీరే. ఒక ముక్క చెప్పి, భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి, మొహం తుడుచుకుని, మళ్ళీ భుజాన వేసుకుని, అప్పుడు రెండో ముక్క చెప్పేవాడు. నాకేమో ఎదుటివాడి మాట సగంలోనే అర్థమైపోయిందనిపించే వయసు. ఆయన మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం. మేస్త్రీ ప్రార్థన ముగించుకుని వచ్చి నా గుడారం నీడన కూర్చున్నాడు. బండ లొంగడం లేదని నేను విసుక్కుంటూ ఉన్నాను.

"బర్మాలో మా క్యాంపులో ఒక చైనా డ్రైవరు ఉండేవాడు సార్" అని ఎత్తుకున్నాడు. "లారీ బురదలో దిగబడితే ఆయప్ప ఒకే మాట అనేవాడు. పో ఫూ చెన్ చో. నాలుగే నాలుగు ముక్కలు. ఏందప్పా అది అంటే, సగం హిందుస్తానీలో సగం చేతులతో చెప్పినాడు."

"ఏమిటి దాని అర్థం?"

మేస్త్రీ తువ్వాలు తీశాడు. నేను ఓర్చుకున్నాను.

"కుండలు పగలగొట్టు, పడవలు ముంచు. అంతే మాట. దాని వెనక కత ఉండాది. రెండు వేల ఏండ్లకు ముందట వాళ్ళ దేశంలో ఒక దండనాయకుడు ఉండేవాడంట. చిన్న వయసు. మిత్రులోళ్ళ కోటను పగవాడు చుట్టుముట్టినాడు. పగవాడి దండు శానా పెద్దది, ఈయప్పది చిన్నది. యుద్ధానికి పోవాలంటే మధ్యలో ఏరు. దాటినారు. దాటినాక ఏం చేసినాడు తెలుసునా? వచ్చిన పడవలన్నీ ముంచిచ్చినాడు. వంట కుండలన్నీ పగలగొట్టిచ్చినాడు. గుడారాలు కాల్చేసినాడు. ఇంక యెనక్కి పోయే దోవ లేదు. గెలిస్తే పగోడి కుండలో అన్నం, ఓడితే అన్నంతో పనే లేదు. తొమ్మిది మార్లు కలబడి గెలిచినారంట. ఎందుకు గెలిచినారంటే సార్..."

మళ్ళీ తువ్వాలు. సరిగ్గా అప్పుడే ఊరి బయట జీపు హారను వినిపించింది. ఇంజనీరుగారు! నేను చటుక్కున లేచాను. "అర్థమైంది మేస్త్రీ, అర్థమైంది" అంటూ చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తాను. వెనుకనుంచి ఆయన ఏదో అన్నాడు. నేను వినలేదు.

ఇంజనీరుగారు బావిలోకి వంగి చూసి, జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. "చూడవయ్యా, నీకు ఎనిమిది మట్లకే మంజూరు. అది దగ్గర పడింది. శనివారం వస్తాను. తడి కనిపించకపోతే పని మూసేసి మనుషుల్ని, సామాన్ని బెళుగుప్ప వైపు పంపించేస్తాను. నేను చెప్పిన చోట తవ్వించి ఉంటే ఈపాటికి..." అని జీపెక్కారు.

ఆ చివరి మాట నన్ను నిలవనివ్వలేదు. ఊరు లేచిపోతుందన్న దిగులు ఉండింది, నిజమే. కానీ అంతకంటే ఆయన మాట నిజమైపోతుందన్న మంటే ఎక్కువ ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఉన్నది ఆరు రోజులు. రాళ్ళు తోడడానికి ఇంకా ఎద్దులుంటే పని రెండింతలు, మూడింతలు నడుస్తుంది. ఎద్దులు ఎక్కడున్నాయి? నీళ్ళబండ్లకు రెండు జతలున్నాయి. నాకు చైనా దండనాయకుడు గుర్తొచ్చాడు.

సోమవారం పొద్దున్నే బండ్లు విప్పించి ఆ రెండు జతలనూ బావి దగ్గరికి తోలించాను. పనివాళ్ళనూ ఊరివాళ్ళనూ కూడేసి ఉపన్యాసం ఇచ్చాను. నీళ్ళబండి అనే ఆశ వెనక ఉన్నన్నాళ్ళూ బావి లోతు దిగదని, ఇక వెనక్కి చూడొద్దని, కుండలు పగలగొట్టిన సైన్యం ఎలా గెలిచిందో చూడమని చెప్పాను. నా గొంతు నాకే బాగా అనిపించింది. వాళ్ళు నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే అనుకున్నాను. మేస్త్రీ ఆ పూట మందు తేవడానికి కళ్యాణదుర్గం పోయి ఉన్నాడు.

పదింటికల్లా ఇళ్ళలో నీళ్ళు అయిపోయాయి. ఆడవాళ్ళు కుండలు ఎత్తుకుని వంక దారి పట్టారు. పోను నాలుగు మైళ్ళు, రాను నాలుగు మైళ్ళు, ఆ ఎండలో. బావిలో దిగినవాళ్ళు పైకి చూసి నీళ్ళు అడిగితే ఇవ్వడానికి లేవు. మధ్యాహ్నానికి సమ్మెట దెబ్బలు పలచబడ్డాయి. తరువాత ఆగిపోయాయి. మూడు జతల ఎద్దులు నిలబడి ఉన్నాయి, లాగడానికి రాయి లేదు.

అప్పుడు వచ్చింది అవ్వ. ఊరి చివర గుడిసెలో కోడలితో, ఇద్దరు మనమరాళ్ళతో ఉండే ముసలామె. మోకాళ్ళ దాకా దుమ్ము, మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతోంది. చేతిలో కుండ లేదు, కుండ మూతి మాత్రం ఉంది. గట్టు దగ్గర కాలు జారి పడిందట. నెత్తిమీది నీళ్ళన్నీ ఇసుక పాలయ్యాయి. నేరుగా నా గుడారం దగ్గరికి వచ్చి, ఆ మూతిని నా బల్ల మీద పెట్టింది.

"పొద్దున కుండలు పగలగొట్టమంటివి కదప్పా. ఇదిగో, నాది పగిలె."

నేను ఏదో అనబోయాను. ఆమె నా వైపు చూడటం లేదు. గుడారం మూల స్టూలు మీద నా కూజా ఉంది. నిండుగా, పైన తడిగుడ్డ కప్పి, గ్లాసు బోర్లించి. ఆమె దాన్నే చూస్తోంది.

"నీది పగల్లేదే?" అంది.

ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్ళున్నారు, కేకలేసినవాళ్ళున్నారు. ఆ ముసలామె గొంతు కూడా పెంచలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. కూజా ఎత్తి గ్లాసులో పోసి ఇస్తే, ఒక గుటక తాగి, మిగతాది కొంగు తడుపుకుని మోచెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం మేస్త్రీ వచ్చాడు. దారిలోనే సంగతంతా విన్నట్టున్నాడు. మందు పెట్టె దించి, నా ముందు నిలబడి, ఆ ఒక్కసారి తువ్వాలు తీయకుండానే మాట్లాడాడు.

"బండ్లు నిలపమని యావరు చెప్పినారు సార్?"

"మీ కథే కదా మేస్త్రీ" అన్నాను, నీరసంగా.

"నా కత!" అని తల కొట్టుకున్నాడు. "సగం కత ఇని లేసి పోతివి. నేను యెనకనించి అరస్తానే ఉన్నా. కుండలు పగలగొట్టక ముందు ఆయప్ప ఏం చేసినాడో ఇన్నావా? ఒక్కో సిపాయి చేతికి మూడు దినాల తిండి ఇచ్చినాడు. మూడు దినాలది! మూట గట్టి ఇచ్చి, అది వాళ్ళ కాడ ఉందని చూసుకుని, ఆ పైన పగలగొట్టిచ్చినాడు. గెలిచింది అందుకు. ఉత్త కడుపుతో యావడైనా యుద్ధం చేస్తాడా? ఇంగొకటి. పడవలు ముంచినప్పుడు ఆయప్ప యాడున్నాడు? వాళ్ళతోనే ఏటికి అవతల ఉన్నాడు. నువ్వు యాడుంటివి సార్? కూజా పక్కన ఉంటివి."

చాలా ఏళ్ళ తరువాత జిల్లా గ్రంథాలయంలో ఒక లావుపాటి చరిత్ర పుస్తకంలో ఆ యుద్ధం గురించి చదివాను. ఏరు, పడవలు, కుండలు, తొమ్మిది పోరాటాలు, మూడు రోజుల తిండి, అన్నీ మేస్త్రీ చెప్పినట్టే ఉన్నాయి. ఇక దారి లేదు, తాడోపేడో తేల్చుకోవాలి అన్నప్పుడు చైనావాళ్ళు ఈ మాట అంటారట. నేను మాట పట్టుకుని మూట వదిలేశాను. అది పుస్తకంలో చదివి తెలుసుకునే అవసరం నాకు అప్పటికి లేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అని అడిగాను. అధికారిగా కాదు, దిక్కు తోచక అడిగాను. మేస్త్రీ చల్లబడ్డాడు.

"మూడు దినాల నీళ్ళు కూడేద్దాం. రేపు ఎద్దులన్నీ వంకకే. ఒక దినం పోతాది, పోనీ. ఆ మీద మూడు దినాలు ఎద్దులన్నీ బాయి కాడ. అప్పుడు ముంచు నీ పడవలు."

మంగళవారం బావిలో ఒక్క దెబ్బ పడలేదు. మూడు జతల ఎద్దులూ, సర్కారు బండ్లు రెండూ, ఊరి బండి ఒకటీ తెల్లారింది మొదలు పొద్దు గుంకేదాకా చెలమలకూ ఊరికీ తిరిగాయి. నీళ్ళు నింపడానికి ఏవీ? గంజి కేంద్రంలో పెద్ద గంగాళం ఒకటి ఉంది. ఇంకొకటి కావాలి. ఊరి మునసబు ఇంట్లో పెళ్ళిళ్ళకు వాడే ఇత్తడి గంగాళం ఉందని తెలిసి అడగడానికి పోయాను.

ఆయన మీసం దువ్వుకుని, "ఇయ్యొచ్చప్పా. మళ్ళా అందులో అందరూ చెంబులు ముంచితే?" అన్నాడు.

నేను తడుముకుంటుంటే నా వెనక నిలబడిన మేస్త్రీ నెమ్మదిగా అన్నాడు: "ముంచడానికి నీళ్ళుంటే కదా రెడ్డీ ఆ యోచన."

మునసబు లోపలికి కేక వేశాడు. గంగాళం వచ్చింది. దానికి ఒక వరుస, సర్కారు గంగాళానికి ఒక వరుస అని ఏర్పాటైంది. నాకు నచ్చలేదు, కానీ నోరెత్తే మొహం నాకు లేదు. సర్కారు గంగాళంలో మొదటి నీళ్ళు నేనే పోశాను, నా కూజాలోవి. కాపలాకు ఎవరిని పెడదామంటే ఊరంతా అవ్వ పేరే చెప్పింది. ఆమె పక్షపాతం చూపించదట. మనిషికి ఇన్ని అని చెంబుతో కొలిచి పోసేది. నాకూ అంతే. మొదటి రోజు నాది కొంచెం తక్కువే పోసిందేమోనని నా అనుమానం.

బుధవారం పని మొదలైంది. మూడు జతల ఎద్దులు వంతులవారీగా మోకు లాగుతుంటే రాళ్ళు తేలిగ్గా పైకి వచ్చాయి. రెండు రోజుల పని ఒక పూటలో అయ్యేది. మగవాళ్ళూ ఆడవాళ్ళూ పిలవకుండానే వచ్చి రాళ్ళు మోశారు. సోమవారం నా ఉపన్యాసానికి కదలని మనుషులే వీళ్ళు. ఇంట్లో పిల్లలకు నీళ్ళున్నాయని తెలిసినందుకు ఇప్పుడు కదిలారు. నేను కూడా చొక్కా విప్పి బావిలోకి దిగాను. సమ్మెట వేయడం రాదని మొదటి అయిదు నిమిషాల్లోనే తేలిపోవడంతో మేస్త్రీ నాకు ఉలి పట్టుకునే పని ఇచ్చాడు. రెండు చేతులూ బొబ్బలెక్కాయి.

శుక్రవారానికి మునసబు గంగాళం అడుగంటింది. సర్కారుది ఒక్కటే మిగిలింది. వరుస కూడా ఒకటే అయింది. మునసబు తన చెంబు పట్టుకుని అందరి మధ్యనే నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం చివరి పేలుడుకు నాలుగు రంధ్రాలు కొట్టాలి. మూడు అయ్యాయి. నాలుగోది నడిమధ్యది, సగం దిగి ఆగింది. నీళ్ళు లేవు. ఉలి బండలో బిగుసుకుపోయింది. మేస్త్రీ చెమట తుడుచుకుని నా వైపు చూశాడు.

"మూడింటితో కాలిస్తే పైపెచ్చు లేస్తాది సార్, అంతే. నడిమిది లేకుంటే దండగ. ఒక చెంబు కావాల. బొక్కకు సగం, మట్టికి సగం."

ఒక్క చెంబు. పైన గంగాళం అడుగున ఉన్నదే ఒక్క చెంబెడు. అది సాయంత్రం పసిపిల్లలకు తలా ఒక గుక్క పోయడానికి అవ్వ దాచినది. ఎద్దుల్ని ఇప్పుడు వంకకు తోలినా నీళ్ళు వచ్చేసరికి చీకటి పడుతుంది. ఎద్దుల్ని తోలితే ఇవాళ్టికి పని ఆగినట్టే, రేపు శనివారం. ఆ చెంబు వాడి, బండ కింద ఏమీ లేకపోతే, పిల్లలు నాలుక పీక్కుపోతూ రాత్రిదాకా ఏడుస్తారు, పొద్దున్నే ఊరు మూటలు కడుతుంది. లెక్క ఇంతే. సోమవారం నాడు ఒక్క నిమిషంలో ఊరందరి నీళ్ళు ఆపేసిన నేను, ఆ రోజు ఒక్క చెంబు అడగలేక బావి అడుగున కూలబడ్డాను. మేస్త్రీ కూడా అడగలేదు.

పైన ఎవరు చెప్పారో తెలియదు. బొక్కెన కిందికి దిగుతున్న చప్పుడు వినిపించింది. తల ఎత్తి చూస్తే ఎద్దుల మనిషి చాలా నెమ్మదిగా మోకు వదులుతున్నాడు. బొక్కెనలో, ఒలకకుండా చుట్టూ గుడ్డ కుక్కి, నిండు చెంబు. బావి ఒరమీద అవ్వ తల కనిపించింది.

"అవ్వా, పిల్లలకో?" అని అరిచాను.

"పిల్లోళ్ళ సంగతి నేను చూసుకుంటా. నువ్వు ఆ బండ సంగతి చూడు!"

మేస్త్రీ ఆ నీళ్ళను దోసిట్లో తీసుకుని రంధ్రంలో కొంచెం కొంచెంగా వదిలాడు. ఉలి వదులైంది. బురద వచ్చింది. గంటలో రంధ్రం దిగింది. మిగిలిన సగంతో మట్టి తడిపి దట్టించాడు. అందరం పైకి ఎక్కాం. ఆయన వత్తులు అంటించి, ఎప్పటిలాగే తొందర లేకుండా నిచ్చెన ఎక్కి వచ్చాడు. ఎప్పుడూ అంత మెల్లగా ఎక్కడం చూసి తిట్టుకునేవాణ్ణి. ఆ రోజు తిట్టుకోలేదు.

నాలుగు చప్పుళ్ళు అయ్యాయి. నాలుగోది మిగతావాటిలా టంగుమని మోగలేదు, బొంగురుగా వినిపించింది. పొగ తగ్గాక ముందుగా దిగేది మేస్త్రీయే, అది ఆయన నియమం. దిగాడు. మేము చుట్టూ నిలబడ్డాం. కేక వేశాను, జవాబు లేదు. చాలాసేపటికి మోకు కదిలింది. లాగితే బొక్కెన తేలిగ్గా వచ్చింది. అందులో రాళ్ళు లేవు, మేస్త్రీ ఎర్ర తువ్వాలు ఉంది.

అవ్వ దాన్ని తీసి పిండింది. ఆమె అరచేతిలోకి నీళ్ళు ధారగా కారాయి. బురద నీళ్ళు. ఆమె ఒకసారి వాసన చూసి, నాలుకకు తాకించుకుని, "తియ్యగుండాయి" అంది. తరువాత ఎవరు ఏడ్చారో ఎవరు నవ్వారో నాకు సరిగా గుర్తులేదు. నేను మాత్రం ఏడ్చాను.

శనివారం ఇంజనీరుగారు వచ్చేసరికి బావిలో మోకాటి లోతు నీళ్ళున్నాయి. ఆయన వంగి చూసి, "నేను మొదటినుంచీ అనుకుంటున్నానయ్యా ఈ చోటు మంచిదని" అన్నారు. ఆ తరువాత ఎవరో సోమవారం సంగతి చెవిన వేశారు. వారానికి మెమో వచ్చింది. తోటివాళ్ళు అన్యాయం అన్నారు. నేను అనలేదు. బండ కింద నీళ్ళుండడం నా గొప్ప కాదు, సోమవారం మాత్రం అచ్చంగా నాదే. సంజాయిషీలో "తప్పు నాది" అని రెండే రెండు ముక్కలు రాశాను. అంత చిన్న సంజాయిషీ మా ఆఫీసులో ఎవరూ ఇవ్వలేదట.

అరవైల మొదట్లో, చైనాతో యుద్ధం వచ్చిన రోజుల్లో, అనంతపురం ఆఫీసులో టిఫిన్ వేళ ఈ కథ చెబితే ఒక గుమాస్తా మొహం ముడుచుకుని "శత్రువుల మాటలు మనకెందుకండీ" అన్నాడు. "మాట రెండు వేల ఏళ్ళది, తగాదా ఈ ఏడాదిది" అని ఊరుకున్నాను. పక్కన విన్న ఇద్దరు అధికారులకు మాత్రం తెగ నచ్చింది. ఆ తరువాత మీటింగుల్లో కుండలు పగలగొట్టాలి, పడవలు ముంచాలి అని కింది ఉద్యోగులకు చెప్పేవారు. మూడు రోజుల తిండి సంగతి ఒక్కరూ చెప్పగా వినలేదు. వాళ్ళ బల్లల మీద కూజాలు నిండుగానే ఉండేవి.

ఆ దశాబ్దం మధ్యలో మళ్ళీ కరువు వచ్చినప్పుడు తనిఖీ పని మీద కళ్యాణదుర్గం పోయి, ఆ ఊరికి నడిచి వెళ్ళాను. మూసిన ఇళ్ళు కొన్ని తెరిచి ఉన్నాయి. బావిలో నీళ్ళు అడుగుకు దిగినా, ఉన్నాయి. అవ్వ ఉంది, నడుము బాగా వంగింది. నన్ను గుర్తుపట్టి, "కూజా ఓవర్సీరు" అని కోడలికి చెప్పింది. ఆ ఊళ్ళో నా పేరు అదేనని అప్పుడు తెలిసింది.

పదేళ్ళుగా అడగాలనుకుంటున్నది అడిగాను. "అవ్వా, ఆ పొద్దు చివరి చెంబు ఎట్లా ఇవ్వగలిగినావు? కింద ఏమీ లేకుంటే?"

ఆమె చెంబులో నీళ్ళు ముంచి నాకు ఇస్తూ ఆలోచించింది.

"గంగాళంలో ఆ రవ్వంత ఉన్నంతసేపు నేను దాన్నే చూస్తాంటి అప్పయ్యా. అది అయిపోయినాక బాయి దిక్కు చూస్తి."

చైనా డ్రైవరు నాలుగు ముక్కల్లో చెప్పింది అదే. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను తల ఊపి, అర్థమైందని చెప్పి, చెంబు నోటి దగ్గర పెట్టుకోబోయాను.

"ఇంగా అయిపోలేదు, ఇను" అంది అవ్వ.

ఆగాను. ఈసారి చివరిదాకా విన్నాను.

"నువ్వు మంగళారం నీ కూజా తెచ్చి గంగాళంలో పోయకుంటే, ఆ చెంబు నీకు ఇచ్చేదాన్నే కాదు."